రెండవ మేరీ రాణి చరిత్రము

ఇంగ్లండు దేశమును తమ సొంత హక్కుచే నేలిన రాణులెవ్వరని చదువుకొన్నవారి నడిగినచో ఎలిజబెత్తు పేరును విక్టోరియా పేరును తడుముకొనకుండ చెప్పుదురు. ఆను రాణిని గూడ కొందరు జ్ఞప్తికి దెచ్చుకొందురు. రెండవ మేరీని ప్రత్యేకముగా పేర్కొనువారు మిక్కిలి యరుదు. విలియము మేరీలని జంటగా వల్లించుటయే పాఠశాలలయందలి వాడుక. ఆ జంటలో సింహాసనమునకు దగ్గరి హక్కు గలది భార్య. సింహాసనాధికారమును వహించినవాడు భర్త. ఇట్టి వైపరీత్యమెట్లు కలిగెనో, దానికామె యేల సమ్మతించెనో, తండ్రికిని మనస్సాక్షికిని నడుమ నిలువవలసి వచ్చినప్పుడామె యేమి చేసెనో తెలిసికొనుట మనబోంట్లకు వ్యర్థ కాలక్షేపము కాదు. మతవిషయమున తండ్రితో భేదించి యిల్లు విడువవలసి వచ్చినవారు మన సమాజ చరిత్రమునందును పలువురు గలరు. ఇందలి తేదీలన్నియు ఆనాటి ఇంగ్లీషు పంచాంగము ననుసరించి యీయబడినవి.

మేరీ 1662వ సంవత్సరము ఏప్రిలు 30వ తేదీన లండను నగరమునందలి సెయింటు జేమ్సు రాజగృహమున జన్మించెను. తండ్రి యార్కు ప్రభువైన జేమ్సు. అప్పుడు రాజ్యము చేయుచుండిన రెండవ చార్లెసునకు తమ్ముడు. తల్లి ఆను హైడు రాజవంశపుది కాదు. ఆమె తండ్రి ఎడ్వర్డు హైడు న్యాయవాద వృత్తియందు పెరిగి, చార్లెసుయొక్క ప్రవాసకాలమున ఆయనకు మంత్రియై, పిమ్మట ఛాన్సలరు పదవిని క్లారెండను ప్రభువను బిరుదును బడసినవాడు. జేమ్సు ఆమెను 1660లో రహస్యముగా వివాహమాడెను. రాజు తమ్ముడొక న్యాయవాది కూతురిని పెండ్లాడుట కొలువు వారి కంతటను అవమానమై తోచెను. కులీనత్వమును గూర్చిన గర్వము మన దేశమునకే పరిమితమని తలచువారు ఈ యుదంతమును చదువవలసినదే. ఆ దంపతులకు ఎనమండుగురు బిడ్డలు పుట్టగా మేరీయు, ఆమె చెల్లెలు ఆనును మాత్రమే పెరిగి పెద్దవారైరి.

ఆ యింట మతకలహము బిడ్డలకు జ్ఞానము వచ్చుటకు మున్నే ప్రవేశించెను. తల్లి రోమను కథోలిక మతమును స్వీకరించి 1671లో మరణించెను. మేరీకప్పటికి తొమ్మిదేండ్లైనను నిండలేదు. తండ్రియు ఆ మతమునే యవలంబించెను. 1673లో పార్లమెంటువారు, ప్రభుత్వోద్యోగులందరు ఇంగ్లండు దేశపు ప్రొటెస్టంటు సంఘముయొక్క ప్రసాదమును స్వీకరించి తీరవలెనని శాసనము చేయగా జేమ్సు నౌకాధిపత్యమును వదలుకొనెనే కాని మనస్సునకు విరుద్ధముగా ఆ ప్రసాదమును ముట్టలేదు. తరువాతి చర్యలవలన ఆయన పేరునకెంత మచ్చ కలిగినను, ఈ యొక్క పట్టుదలను మనము గౌరవింపక తప్పదు. ఆ గుణము కూతురికిని సంక్రమించెను. అదియే పిదప వారిరువురను వేరుచేసెను. ఆ సంవత్సరముననే జేమ్సు ఇటలీ దేశమునందలి మోడెనా రాజపుత్రికను రెండవ భార్యగా దెచ్చెను. ఆ సవతితల్లికి పదునైదేండ్లు, మేరీకి పదునొకండు.

చార్లెసు రాజు ప్రజలభయముచేత, తమ్ముని కూతుళ్లు ప్రొటెస్టంటులుగానే పెరుగవలెనని యాజ్ఞాపించి వారిని రిచ్చిమండులో వేరుగా నుంచెను. లండను బిషప్పగు కాంప్టను వారికి మతబోధకుడు. ఫ్రెంచి భాష, సంగీతము, నృత్యము, చిత్రలేఖనము, కుట్టుపని నేర్పిరి. రాజ్యతంత్రమునుగాని ధర్మశాసనములనుగాని నేర్పినవారు లేరు. మూడు రాజ్యములకు వారసురాలు కాగల బాలికకు ఆమె దేశపు శాసనములలో నొక్కటియైనను చెప్పవలెనని యెవ్వరికిని తోపలేదు. ఆమె లేఖలయందు అక్షరస్ఖాలిత్యములు పెక్కులు గలవని చరిత్రకారులు పరిహసించిరి. పరిహసింపదగినవారు ఆమెకు చదువు చెప్పించినవారు గదా!

1677వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన తండ్రి యామెను పిలిచి, హాలండునందలి ఆరెంజి ప్రభువైన విలియమునకామె నిచ్చి వివాహము చేయ నిశ్చయమైనదని తెలిపెను. ఆమె ఆ మధ్యాహ్నమంతయు ఏడ్చెను. మరునాడును దినమంతయు ఏడ్చెను. ఆమెకు పదునైదేండ్లు. విలియమునకు ఇరువదియేడు. అతడు పొట్టివాడు, ఉబ్బస రోగి, మితభాషి, యుద్ధముతప్ప వేరు చింత లేనివాడు. ఆమె పొడవరి, వాచాల, నవ్వుమొగముగలది. జేమ్సునకు గూడ ఈ సంబంధమిష్టము లేదు. అయినను రాజును, అతని మంత్రి డాన్బీయు, ప్రొటెస్టంటు అల్లుని దెచ్చినచో ప్రజలు శాంతింతురని యెంచిరి. నవంబరు 4వ తేదీన, వరుని జన్మదినముననే, రాజగృహమున కాంప్టను బిషప్పు వివాహము జరిపెను. వధువు కన్నీరు తుడుచుకొనుచుండగా రాజొక్కడే పరిహాసములాడుచుండెనట.

వరుసను విచారించినచో ఇది మన యాంధ్రులెరిగిన మేనరికమే. విలియము తల్లి జేమ్సునకు తోడబుట్టినది; కాబట్టి వరుడు వధువునకు మేనత్త కొడుకు. మేనరికమైనచో పిల్ల సుఖపడునని మన యిండ్లలో పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఎరిగిన యింటికి బోవుచున్నదను ధైర్యము దాని మూలము. కాని మేరీ విషయమున అల్లుడెరిగినవాడును గాడు, ఇల్లెరిగినదియు గాదు. 1929వ సంవత్సరపు శారదా శాసనము బాలికలకు 14 ఏండ్లు నిండిన చాలుననెను. ఆ శాసనమును బట్టి చూచినచో మేరీ వివాహమున దోషమే లేదు. అందుచేతనే వయోనియమమొక్కటియే చాలదని నాకు తోచుచున్నది. బ్రాహ్మసమాజమువారి ప్రయత్నముచేత వచ్చిన 1872వ సంవత్సరపు 3వ చట్టము వధూవరులచేత స్వయముగా సంతకము చేయించి, సాక్షులయెదుట వారి నోటనే యంగీకారమును చెప్పించెను. సెయింటు జేమ్సు రాజగృహమునను మంత్రములకు ప్రత్యుత్తరము చెప్పినది ఆ బాలికయే. కాని పదునాలుగు దినములకు ముందు ఆమె యభిప్రాయమును అడిగినవారు లేరు.

ఆ నెలలోనే ఆమె స్వదేశమును విడిచెను. హాలండు రేవు మంచుగడ్డలచే మూతపడినందున ఒక పల్లెయొద్ద దిగి చలిలో కొంతదూరము కాలినడకను పోవలసి వచ్చెను. ఆశ్చర్యమేమనగా, ఏడ్చుచు పోయిన యా దేశమే ఆమెకు ప్రాణమయ్యెను. ఆ దేశమున రాజు లేడు; విలియము పట్టణములయు మండలములయు సమ్మతిచే సేనాధిపత్యమును వహించిన ప్రధానోద్యోగి మాత్రమే. డచ్చి వర్తకుల భార్యలు లెక్కలు వ్రాసికొనుచు, వీథులలో స్వేచ్ఛగా తిరుగుచు, ఇల్లద్దమువలె నుంచుకొనుట ఆమె చూచెను. తానును తోటలు పెంచెను. నీలపు పూతగల పింగాణి పాత్రలు సేకరించెను. రిచ్చిమండులో నేర్పని చదువును తానే నేర్చుకొన మొదలిడి చరిత్ర గ్రంథములను మతగ్రంథములను కన్నులు నొచ్చువరకు చదివెను. ప్రజలామెను ప్రేమించిరి.

భర్త ప్రేమ మాత్రము అంత సులభముగా లభింపలేదు. 1678లో ఆమెకు గర్భస్రావమయ్యెను. తరువాత సంతానము కలుగనే లేదు. ఆమెతో ఇంగ్లండునుండి పరిచారికగా వచ్చిన ఎలిజబెత్తు విలియర్సు అను నామె, మేరీని పెంచిన దొరసాని కుమార్తెయే, విలియముయొక్క యాదరమునకు పాత్రురాలయ్యెను. ఈ సంగతిని తండ్రి పక్షమువారే మేరీకి చేరవేసి దంపతులకు భేదము పుట్టింప జూచిరి. ఆమె భర్తతో నొకమారు మాటాడి, పిదప నెవ్వరియొద్దను ఆ ప్రసంగమెత్తలేదు. గొడ్రాలను పేరు పెట్టి భార్యను మూలకు ద్రోయుట మనకు క్రొత్త గాదు. మన ధర్మశాస్త్రము, మదరాసు రాష్ట్రమున 1949లోను దేశమంతటను 1955లోను నిషేధము వచ్చువరకు, అట్టి పురుషునికి రెండవ పెండ్లికి గూడ నవకాశమిచ్చుచుండెను. విలియమునకా యవకాశము లేకపోవుటచేతనే మేరీ స్థానము నిలిచెనని చెప్పిన తప్పు గాదు.

1685లో చార్లెసు చనిపోగా జేమ్సు రాజయ్యెను. మేరీ సింహాసనమునకు మొదటి వారసురాలయ్యెను. ఆ యేడే ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ తన దేశమందలి ప్రొటెస్టంటులకు దాదాపు 90 ఏండ్లుగా నుండిన రక్షణ శాసనమును కొట్టివేసెను. వేలకొలది జనులు ఆస్తులు విడిచి హాలండునకు పారిపోయి వచ్చిరి. మేరీ తన సొంతధనమునుండి వారిని పోషించెను. మతముకొరకు ఇల్లు విడిచి వచ్చిన వారిని దినదినము కన్నులార చూచుటచేత, రాజాధికారమును మతప్రచారమునకు వినియోగించు తండ్రి యుద్దేశములను గూర్చి యామెకు భయము హెచ్చెను.

ఈ కాలముననే బర్నెట్టు అను మతాచార్యుడు హేగు నగరమునకు వచ్చి దంపతులకు స్నేహితుడయ్యెను. ఆయన యొకనాడు మేరీని, నీవు రాణివైనచో నీ భర్త స్థానమేమని యడిగెను. భార్య రాణి యైనంతమాత్రమున భర్తకు శాసనముచే నధికారము రాదని ఆమె యదివరకెరుగదు. ఎరుగునట్లు చేసినవారు లేరు. తెలిసిన వెంటనే, అధికారమంతయు భర్తదేయని యామె నిశ్చయించి, మరునాడు భర్తను పిలిపించి బర్నెట్టు ఎదుటనే ఆ మాట చెప్పెను. ప్రతిఫలముగా ఆమె కోరినది, భార్యలు లోబడవలెనను వేదవాక్యమును తాను పాటించునట్లే, భర్తలు ప్రేమింపవలెనను వాక్యమును అతడు పాటింపవలెననుట యొక్కటియే. తొమ్మిదేండ్ల దాంపత్యములో భర్త మనస్సునందు దాగియుండిన శల్యమదియేనట! భార్య క్రింద నుండవలసి వచ్చునేమోయను శంక ఆనాటితో తొలగి, అతని ప్రవర్తనము మృదువయ్యెను.

చరిత్రకారులందరు మేరీని ఈ చర్యకొరకే పొగడిరి. నేను వారితో నేకీభవింపజాలను. రాజ్యము ఆమె యింటి సొమ్ము గాదు; ప్రజల సొమ్ము. పతిభక్తి యెంత గొప్పదైనను, ప్రజలు తనయందుంచబోవు న్యాసమును వారినడుగక మరియొకనికి దానము చేయుటకు ఆమెకు హక్కెక్కడిది? ఆమె మంచితనమును గాక, ఆమె నట్లు పెంచిన పెంపకమును నేను నిందించుచున్నాను.

మనస్సాక్షి విషయమున మాత్రము ఆమె యెవ్వరికిని లోబడలేదు. 1687వ సంవత్సరము నవంబరులో జేమ్సు కుమార్తెకొక దీర్ఘమైన లేఖ వ్రాసి, తానేల కథోలికుడనైతినో వివరించి, ఆమెను గూడ ఆ మార్గమునకు రమ్మని కోరెను. లేఖలో కోపము లేదు. తండ్రి బిడ్డకు తన యనుభవమును చెప్పుకొనుటయే. మేరీ గురువుల సాయము కోరక తన చేతితోనే ప్రత్యుత్తరము వ్రాసెను. తాను పుట్టిన మతమగుటచేత గాక విచారించి చూచి నమ్ముటచేతనే తన సంఘమున నుంటినని చెప్పి, ఎట్టి మనుష్యుడుగాని మనుష్యసమూహముగాని తప్పు చేయనేరదను సిద్ధాంతమును తానంగీకరింపనని కారణములతో నిరూపించెను. తండ్రి గ్రంథములు పంపెను, ఆమె చదివెను. చనిపోయిన తల్లి తన మతాంతరమునకు హేతువులు వ్రాసియుంచిన పత్రమును గూడ ఆయన పంపెను. తొమ్మిదవ యేటికి ముందే తల్లిని గోల్పోయిన స్త్రీకి ఆ పత్రమెట్లుండునో యూహించుకొనవచ్చును. దానిని జదివియు ఆమె చలింపలేదు. తండ్రియెడ గౌరవము చెడకుండ, మతమున అణుమాత్రమును వెనుదీయకుండ ఆమె నడిపిన యా యుత్తర ప్రత్యుత్తరములు ఆమె జీవితమందెల్ల నా కత్యంత ప్రియమైన భాగము.

అంత నిర్మలముగా నడచిన యామెయే మరుసటి యేడు తప్పుటడుగు వేసెను. 1688 జూను 10వ తేదీన సవతితల్లికి మగబిడ్డ పుట్టెను. ఆ బిడ్డ నిజముగా రాణి కన్నవాడు గాడనియు, మంచమును కాచు నిప్పుల పాత్రలో దాచి లోనికి దెచ్చిరనియు ఊరంతయు పుకారు పుట్టెను. పుకారు శుద్ధాబద్ధము. పురిటి గదిలో పలువురు సాక్షులుండిరి. అయినను చెల్లెలు ఆను అక్కకు తన యనుమానములను వ్రాసెను. అక్క ప్రశ్నల పట్టిక నొకదానిని పంపి ప్రత్యుత్తరములు తెప్పించుకొనెను. ఆ జవాబులలో న్యాయస్థానమునందు నిలువదగినది లేదు. నమ్మవలెనను కోరిక సాక్ష్యముయొక్క లోపమును పూరించెను. తన సంఘమును కాపాడుటకు దేవుడు చూపిన దారియిదియేయని ఆమె నమ్మెను. సద్భక్తులు సైతము తమ కనుకూలమైన యబద్ధమును ఎంత తేలికగా నమ్ముదురో ఇందుచే తెలియుచున్నది.

అప్పటికే జేమ్సు పార్లమెంటువారి శాసనములను తన యాజ్ఞచే రద్దుపరుపబూని, ఎదిరించిన యేడుగురు బిషప్పులను న్యాయస్థానమున కీడ్పించెను. జూను 30వ తేదీన జూరీవారు వారు నిర్దోషులనిరి. ఆ దినముననే ఏడుగురు ప్రముఖులు, వారిలో కాంప్టను ఒకడు, విలియమును సైన్యముతో రమ్మని ఆహ్వానము పంపిరి. ప్రయాణమునకు ముందు విలియము భార్యతో నేకాంతమున మాటాడుచు, తాను మరణించినచో ఆమె మరల వివాహము చేసికొనవలెననియు, కథోలికుని మాత్రము వలదనియు కన్నీటితో చెప్పెను. ఆమె యట్టి మాటను వినజాలననెను. విధవా వివాహమునకై రాజమహేంద్రవరమున 1881వ సంవత్సరమునుండి జరిగిన పోరాటమును, అందు పడిన పాట్లను ఎరిగిన మనకు, ఒక భర్త తానే యట్లు చెప్పిపోయెనని చదువుట హృదయమును కదలించును. నవంబరు 5వ తేదీన విలియము టోర్బేలో దిగెను. ఆను తండ్రిని విడిచి శత్రుపక్షమును జేరెను. డిసెంబరులో జేమ్సు ఫ్రాన్సునకు పారిపోయెను. ఇంత జరుగుచుండగా మేరీ హేగులో ఒంటరిగా నుండి దేవాలయమునకు బోవుచు, భర్త జయమునకును తండ్రి ప్రాణమునకును గూడ ప్రార్థించుచుండెను.

సింహాసన మెవ్వరిదను చర్చ వచ్చినప్పుడు డాన్బీ, మేరీ యొక్కతెయే రాణి కావలెనని వాదించి ఆమెకు వ్రాసెను. ఆమె అతనిని గట్టిగా మందలించి ఆ లేఖను భర్తకే పంపెను. విలియమును, భార్య కొలువులో పరిచారకునివలె నుండనని స్పష్టముగా చెప్పెను. తుదకు 1689 ఫిబ్రవరి 13వ తేదీన పార్లమెంటువారు ప్రజల హక్కుల ప్రకటనమును చదివి, ఇరువురకును కిరీటమునిచ్చి, అధికార నిర్వహణమును విలియమున కొక్కనికే యప్పగించిరి. శాసనపత్రములు ఇద్దరి పేరను, ఆజ్ఞ ఒక్కనిది. ముందురోజు లండను చేరిన మేరీ తండ్రి విడిచిన మందిరములలో నవ్వుచు తిరుగుట చూచి పలువురు ఏవగించుకొనిరి. విచారముగా నుండినచో ప్రజలు పశ్చాత్తాపమనుకొందురు గాన ఉల్లాసముగా నుండుమని భర్త వ్రాసియుండెనని బర్నెట్టు చెప్పెను. ఏప్రిలు 11వ తేదీన పట్టాభిషేకము జరిగెను. తండ్రి శాపాక్షరములతో వ్రాసిన లేఖ యొకటి ఆనాటి యుదయముననే చేరెనని చెప్పుదురు.

ఆ సంవత్సరము మే నెలలో వచ్చిన మతసహన శాసనమును ఇచట తడవక పోరాదు. దానివలన ఇంగ్లండు సంఘమునకు వెలుపలనుండిన ప్రొటెస్టంటులు శిక్షాభయము లేక తమ మందిరములలో నారాధన చేసికొనగలిగిరి. కథోలికులకా సౌకర్యము లేదు. త్రిత్వమును నిరాకరించి ఈశ్వరుడొక్కడేయను యూనిటేరియనులకును లేదు. వారిపైనున్న నిషేధము 1813వ సంవత్సరము వరకు తొలగలేదు. రామమోహన రాయలవారికి సహాధ్యాయులు, సహాయులు ఆ మతమువారే. 1833లో బ్రిస్టలు నగరముచెంత ఆయన ప్రాణము విడిచినదియు వారి యాదరణయందే. ఆ పెద్దలకు ముప్పదియేండ్ల ముందు ఆ యాతిథ్యమిచ్చిన మతమే ఇంగ్లండులో శాసన విరుద్ధమై యుండెననుట మరువరాదు. ఆయినను తలుపు మొదట తెరచినది 1689వ సంవత్సరమే.

ఇక మేరీ రాజ్యపాలన. 1690లో విలియము, ఐర్లండులో దిగిన జేమ్సుతో యుద్ధమునకు పోవుచుండగా, తాను లేనప్పుడు రాణి పాలించునట్లు పార్లమెంటు శాసనము చేసెను. ఆమెకు తోడు తొమ్మండుగురు మంత్రులు. వారిలో నొకరినొకరు నమ్మినవారు తక్కువ. ఆమెకప్పుడు ఇరువదియెనిమిదేండ్లు. అధికారమునందాసక్తి లేదని పదేపదే వ్రాసికొనిన స్త్రీ.

జూను 30వ తేదీన బీచీహెడ్డు ఎదుట ఫ్రెంచి నౌకాబలము ఇంగ్లీషు డచ్చి నౌకలను ఓడించెను. శత్రునౌకలు తీరమున స్వేచ్ఛగా సంచరింప సాగెను. సైన్యము చాలవరకు ఐర్లండులో నున్నది. నేడో రేపో ఫ్రెంచివారు దిగుదురని లండను తల్లడిల్లెను. మేరీ చలింపక పౌరసైన్యములను సమకూర్చెను. ఓడిన నౌకాధిపతిని తొలగించెను. డచ్చివారికి మనస్తాపము తీరునట్లు వర్తమానము పంపి, వారి క్షతగాత్రులను చూచుకొనెను. కుట్రలో నున్నవారిని బంధింపవలసి వచ్చినప్పుడు మంత్రులొక పేరును పలుకుటకు జంకుచుండిరి. అది రాణి మేనమామ, రెండవ క్లారెండను ప్రభువు, పేరు. దోషము రుజువైయుండ ఆయనను మాత్రము విడిచిపెట్టుట తగదని ఆమెయే చెప్పి బందీఖానాకు పంపెను. ఇంతలో జూలై 1వ తేదీన బాయిను నదీతీరమున తండ్రియు భర్తయు ఎదురెదురుగా నిలిచి పోరిరి. ముందునాడు ఫిరంగి గుండు విలియము భుజమును ఒరసికొని పోయెను. వార్త వచ్చు వరకు ఆమె, ఎవరి చావును వినవలసి వచ్చునో యెరుగక, జనుల యెదుట మాత్రము మొగము చిట్లింపక చీట్లాడుచు కూర్చుండెను. భర్త గెలిచెను, తండ్రి తప్పించుకొని మరల ఫ్రాన్సు చేరెను. ఆయన దేహమున కపాయము రానీయవలదని ఆమె విలియమును లేఖలలో వేడుకొనినది.

1692లో మరల నిట్టి యాపద వచ్చెను. నౌకాధికారులలో పెక్కుమంది జేమ్సు పక్షమువారని వదంతి పుట్టగా మంత్రులు వారిని తొలగింపవలెననిరి. మేరీ దానికి విరుద్ధముగా, అట్టి యపనిందలను తాను నమ్మననియు, వారి విశ్వాసముపై తాను నిశ్చింతగా నున్నాననియు వ్రాయించి, ఆ లేఖను నౌకపై అధికారులందరి యెదుట చదివించెను. వారందరు రాజభక్తి పత్రముపై సంతకములు చేసిరి. మే 19వ తేదీన బార్ఫ్లూరువద్ద ఆ యధికారులే ఫ్రెంచి నౌకాబలమును భగ్నము చేసిరి. ఇంత నేర్పుతో వ్యవహరించిన యామె, భర్త తిరిగి రాగానే రాజముద్రను అతని చేతికిచ్చి కుట్టుపనికి మరలెను. మొత్తము మీద ఆమె పాలనకాలములో విలియము లేని సందర్భములు ఏటేటను నెలలకొలది గలవు. పని యప్పగించిన ప్రతిసారియు ఆమె చేసి చూపినది.

ఆ యుద్ధమున గాయపడిన నావికులను రేవు పట్టణముల వీథులలో పడియుండుట విని ఆమె, గ్రీనిచ్చిలో సగము కట్టి విడిచిన రాజభవనమును వారి కాశ్రమముగా మార్ప సంకల్పించెను. 1694 అక్టోబరులో దానికి శాసనపత్రము వ్రాయబడెను. వృద్ధులును వికలాంగులునైన నావికులకే గాక చనిపోయినవారి విధవలకు పోషణము, బిడ్డలకు విద్యయు అందు చేర్చబడెను. శిల్పి క్రిస్టఫరు రెన్ను. 1693లో అమెరికాయందలి వర్జీనియాలో కళాశాల స్థాపించుటకు దంపతుల పేర హక్కుపత్రమీయబడినదియు ఆమె ప్రోత్సాహముననే. నగరమునందలి దురాచారములను అణచు శాసనములు మరుగున పడియుండగా, వానిని అమలు జరుపుడని 1691లో న్యాయాధికారులకామె స్వయముగా లేఖ వ్రాసెను.

చెల్లెలితో మాత్రము ఆమె న్యాయముగా వర్తించలేదు. మార్ల్బరో ప్రభువును కొలువునుండి తొలగించినప్పుడు అతని భార్యను ఆను విడువకపోవుట కలహకారణము. 1692లో ఆను బిడ్డ పుట్టిన వెంటనే మరణింపగా, పురిటి మంచమునందున్న చెల్లెలిని చూడబోయిన మేరీ యోదార్పు మాటకు ముందు ఆ స్నేహితురాలిని పంపివేయుమని యాజ్ఞాపించెను. అక్కచెల్లెండ్రు మరల నొకరినొకరు చూడలేదు. తండ్రితో విరోధమునకు మతము కారణము. దీనికి పంతము తప్ప వేరు కారణము కనబడదు.

1694 డిసెంబరులో ఆమెకు మశూచికము సోకెను. ఆ రోగము విలియము తండ్రిని అతడు పుట్టుటకు ఎనిమిది దినముల ముందును, తల్లిని 1660లోను బలిగొన్నది. దానికి టీకాలు వేయుట జెన్నరు కనిపెట్టినది 1796లో; లోకమునుండి అది నిర్మూలమైనట్లు ప్రకటింపబడినది 1980లో. మేరీకి తన గతి ముందే తెలిసినది. రోగచిహ్నము కనబడగానే, మశూచికము రాని పరిచారకులందరిని తక్షణము భవనము విడిచిపొమ్మని యాజ్ఞాపించెను. రాత్రి తలుపు మూసికొని తన కాగితములలో పెక్కింటిని తగులబెట్టెను. విలియము ఆమె గదిలోనే మంచము వేయించుకొని కావలి యుండెను. ఎన్ని యుద్ధములయందును చెమ్మగిల్లని యతని కన్నులు అప్పుడు ధారలై ప్రవహించినవి. డిసెంబరు 28వ తేదీన కెన్సింగ్టను భవనమున ఆమె ప్రాణము విడిచెను. వయస్సు 32 ఏండ్లు.

తన యంత్యక్రియలకు ధనము వ్యర్థము చేయవలదని ఆమె వ్రాసియుంచిన పత్రము ఆలస్యముగా దొరకెను. అంతకుముందే మహావైభవముగా సన్నాహములు జరిగిపోయెను. 1695 మార్చి 5వ తేదీన వెస్టుమినిస్టరులో ఆమెను సమాధి చేసిరి. రాజు మరణించినచో పార్లమెంటు రద్దగుట ఆనాటి ధర్మము; సహరాజు బ్రతికియుండుటచే ఈమారు రద్దు కాలేదు. అందుచేత పార్లమెంటు ఉభయసభలవారును రాణి శవము వెంట నడచుట ఇంగ్లండు చరిత్రలో మొదటిసారి సంభవించెను. పర్సెలు కూర్చిన సంగీతమును పాడిరి. ఆ యేడు నవంబరులో ఆ గాయకుడే చనిపోగా అదే సంగీతము అతనికిని పాడబడెను.

ఫ్రాన్సులో నున్న జేమ్సు తన కొలువులో నెవ్వరును కుమార్తెకొరకు శోకవస్త్రములు ధరింపరాదని యాజ్ఞాపించెను. విలియము మరల వివాహమాడలేదు. 1702లో అతడు మరణించినప్పుడు, దేహమునంటి యొక నల్లని పట్టుపట్టెలో మేరీ యుంగరమును, ఆమె వెండ్రుకల ముడియును కనబడెను. గ్రీనిచ్చి యాశ్రమమునకు ఆమె పోయిన రెండేండ్లకు పునాది వేసిరి. 1705లో మొదటి నావికులు అందు ప్రవేశించిరి. 1869వ సంవత్సరము వరకు వృద్ధ నావికులచట తల దాచుకొనిరి.